నిమ్మ చిగురు మీద సిల్లా: కరివేపాకు చెట్టునూ వదలకండి

చలి తగ్గి మాఘం వెళ్తుండగానే భిలాయి సెక్టార్ల పెరళ్లలో నిమ్మ, కరివేపాకు కలిసి చిగురు వేస్తాయి. సిల్లా పురుగుకు కావలసింది ఆ చిగురే. ముదురాకు మీద గుడ్లు పెట్టదు, విచ్చుకోని మొవ్వులోనే పెడుతుంది. తొలకరికీ, వానలు వెనకబట్టాకా వచ్చే చిగుళ్లకూ ఇదే బెడద.

పొద్దున్నే ఒక కొమ్మ వంచి చూడండి. మూడు నాలుగు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు తల ఆకుకు ఆనించి, వెనక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. కొమ్మ కదిలితే గెంతి ఎగిరిపోతుంది. మొవ్వు విప్పితే పసుపు గుడ్లు, చదునైన పిల్లపురుగులు, వాటి వెనక తెల్లటి మైనపు పోగులు కనిపిస్తాయి. వేళ్లకు జిగురంటుతుంది. చీమలు బారులు కట్టేది ఆ తీపికే.

చిగురు ముడుచుకు రాలడం చిన్న నష్టం. ఈ పురుగు మోసుకొచ్చే గ్రీనింగ్ తెగులు సోకితే నిమ్మ, బత్తాయి, కమలా చెట్లకు మందు లేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో 1998లో పురుగు, 2005లో తెగులు బయటపడ్డాయి. 2003-04లో 24 కోట్ల పెట్టెలు దాటిన నారింజ దిగుబడి 2023-24లో 2 కోట్లకు కూడా చేరలేదు.

ఆకు పసుపెక్కగానే బెంగపడకండి. జింకు లోపమైతే నడి ఈనెకు రెండు పక్కలా మచ్చలు ఒకేలా ఉంటాయి. గ్రీనింగ్ అయితే ఒక పక్కకూ రెండో పక్కకూ పొంతన ఉండదు, కాయ వంకరపోయి అడుగున పచ్చగానే మిగులుతుంది. అనుమానముంటే కొమ్మ తీసుకెళ్లి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.

కరివేపాకుకు గ్రీనింగ్ రాదు, కానీ సిల్లా దాని మీద హాయిగా పెరిగి పక్కనున్న నిమ్మ మీదకు చేరుతుంది. మధుకామిని కంచె మీదా సిల్లా అలాగే పెరుగుతుంది. అలాగని కరివేపాకు కొట్టేయమనను, అది లేని తెలుగు పెరడు నేను ఊహించలేను. పురుగు పట్టిన చివుళ్లు తుంచి సబ్బునీళ్లలో ముంచండి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట మొవ్వులు తడిసేలా కొట్టండి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. కూరలో వేసుకునే ఆకు మీద రసాయన మందు వద్దే వద్దు.

శివనాథ్ నది ఒడ్డున నిమ్మ తోటలున్నవారు ఉధృతి ఎక్కువైతే థయామెథాక్సామ్ వాడవచ్చు, డబ్బా మీది మోతాదు మించకుండా, మొగ్గ, పూత లేనప్పుడే. పూతలో కొడితే తేనెటీగలు పోతాయి. గోధుమరంగులో ఎండి, చిన్న కన్నం పడ్డ పిల్లపురుగులు కనిపిస్తే టమారిక్సియా అనే కందిరీగ పని చేస్తోందన్నమాట. అక్షింతల పురుగులు కూడా తిరుగుతుంటే మందు ఆపండి.

సంక్రాంతికి ఊరెళ్లి కరివేపాకు, నిమ్మ మొక్కలు రైల్లో తెచ్చుకునే అలవాటు ఇక్కడి తెలుగువాళ్లకు ఉంది. గుడ్లు, పురుగులు వాటితోనే వస్తాయి. తెచ్చిన మొక్క లేత మొవ్వులన్నీ గిల్లేసి, నెలపాటు మిగతా చెట్లకు దూరంగా కుండీలో ఉంచి, శుభ్రంగా ఉందని తేలాకే నేలలో నాటండి.