సీడీ4 - వైరస్‌కు వేసిన ఎర

వేసవి సెలవులకు ఊరెళ్లి వచ్చిన మిత్రుడొకడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. వాళ్ల బంధువు ఆసుపత్రి చీటీ మీద "సీడీ4 - 180" అని రాసి ఉందట. అదేమిటంటే ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదట. బైపీసీ చదువుతున్న మేమూ తడుముకున్నాం. తర్వాత బయాలజీ సార్‌ను అడిగి, లైబ్రరీలో చదివి తెలుసుకున్నది రాస్తున్నాం.

తెల్ల రక్తకణాలలో సహాయక టి-కణాలు అనే రకం ఉంది. రోగక్రిమి వచ్చినప్పుడు మిగతా రక్షక కణాలను కదిలించేవి ఇవే. వీటి పొర మీద సీడీ4 అనే గ్రాహక ప్రోటీన్ ఉంటుంది. హెచ్.ఐ.వి. దీన్నే పట్టుకుని కణంలోకి దూరుతుందని 1984లో తేలింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఈ కణాలు సుమారు 500 నుండి 1500 దాకా ఉంటాయి. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశ అంటారు. చీటీలోని అంకె అదన్నమాట.

శాస్త్రవేత్తలకు ఒక ఉపాయం తట్టింది. సీడీ4 ను విడిగా తయారుచేసి రక్తంలో వదిలితే, వైరస్ దాన్నే పట్టుకుంటుంది, అసలు కణం తప్పించుకుంటుంది కదా! ఇందుకు మనిషి రక్తం అక్కరలేదు. సీడీ4 జన్యువులో, ప్రోటీన్‌ను కణపొరలో గుచ్చి నిలిపే తోక భాగాన్ని తీసేసి, మిగిలినదాన్ని చైనీస్ హామ్‌స్టర్ అనే చిన్న ఎలుకలాంటి జంతువు అండాశయ కణాలలో ప్రవేశపెట్టారు. పోషక ద్రవంలో పెరిగే ఆ కణాలు మనిషి ప్రోటీన్‌ను తయారుచేసి బయటికి వదిలాయి. తోక లేదు కనుక అది ద్రవంలోనే తేలుతుంది. దాన్ని వేరుచేసి శుద్ధి చేస్తే రీకాంబినెంట్ సీడీ4. (జన్యుభాష జీవులన్నిటికీ ఒకటేనని బట్టీ పట్టాం గానీ, మాకు నమ్మకం కుదిరింది ఇక్కడే.)

1987-88లో గాజు పాత్రలలో ఈ ఎర బ్రహ్మాండంగా పనిచేసింది. రోగులకు ఇస్తే వైరస్ తగ్గలేదు. ఆ ప్రోటీన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. అంతకన్నా పెద్ద కారణం 1990లో బయటపడింది. ప్రయోగశాలలో పెంచుతూ వచ్చిన వైరస్ వేరు, రోగి నుండి అప్పుడే తీసిన వైరస్ వేరు. రెండోదాన్ని ఆపాలంటే వందల రెట్లు ఎక్కువ ప్రోటీన్ కావాలి.

మందుగా ఓడినా దాన్ని పారేయలేదు. 1998లో పీటర్ క్వాంగ్, వేన్ హెండ్రిక్సన్ బృందం సీడీ4 ముక్కను వైరస్ పైనుండే జీపీ120 ప్రోటీన్‌తో కలిపి స్ఫటికం చేసి, రెండూ ఎలా అతుక్కుంటాయో ఎక్స్-కిరణాలతో చూపింది. ఇప్పటికీ పరిశోధకులు దీన్ని చిన్న సీసాలలో, మైక్రోగ్రాముల లెక్కన తెప్పించుకుని, టీకా నమూనాలను పరీక్షించడానికి వాడతారు. మనుషులకు ఇవ్వరు.

మన దేశంలో హెచ్.ఐ.వి.కి ఉచిత ఏ.ఆర్.టి. మందులు 2004లో మొదలయ్యాయి. 2017 నుండి సీడీ4 ఎంత ఉన్నా, వ్యాధి ఉందని తేలగానే ఇవ్వాలన్నది విధానం. పక్కన కూర్చుని తింటే, ఒకే గ్లాసులో తాగితే ఇది అంటదు. ఆ ఇంట్లో కంచం వేరుగా పెట్టారని విన్నాం కాబట్టి ఈ మాట రాస్తున్నాం.

దసరాకు వెళ్లొచ్చిన మిత్రుడు చెప్పాడు, మందులు వాడుతున్నాక కొత్త చీటీలో 265 ఉందట. కంచం కూడా అందరి వరుసలోకి వచ్చిందట.