అమ్మానాన్నలకు కంప్యూటర్ ఓనమాలు



మొన్న జగ్గయ్యపేటలో పేరెంట్స్ మీటింగ్ అయిపోయాక ఒక తల్లి ఆగి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మెల్లగా అడిగారు: "టీచర్‌గారూ, మావాడు కంప్యూటర్‌లో ఏం చేస్తున్నాడో నాకు అర్థం కావట్లేదండీ. ఈ వయసులో నేర్చుకుంటే నాకు వస్తుందంటారా?"

తప్పకుండా వస్తుంది. మా అమ్మకు వచ్చింది.

నేను డిగ్రీ చదివేటప్పుడు స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం అమ్మా నేనూ నందిగామలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళాం. ఆ రద్దీలో నా పుట్టినతేదీలో రోజు, నెల తారుమారయ్యాయి. కంగారులో నేను చూసుకోలేదు. తెర మీద ఎక్కడ చూడాలో అమ్మకు తెలియదు. అది సరిచేయించడానికి రెండుసార్లు విజయవాడ బస్సెక్కాల్సి వచ్చింది. పోయిన వేసవిలో అమ్మే "నాకూ నేర్పవే" అంది. ఆమెకు నేర్పిన వరుసలోనే ఈ పాఠం రాస్తున్నాను.

గ్రామాల్లో కంప్యూటర్ అక్షరాస్యత కోసం 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకంలో 14 నుంచి 60 ఏళ్ళ వారికి పెట్టిన శిక్షణ 20 గంటలే. రోజుకు అరగంట చొప్పున మీ ఇంట్లో అది 40 రోజుల పని.

మొదటి మెట్టు: భయం వదలడం

తప్పు మీట నొక్కినంత మాత్రాన కంప్యూటర్ పాడైపోదు. రాసేటప్పుడు పొరపాటు జరిగితే కంట్రోల్ మీట నొక్కి ఉంచి జెడ్ నొక్కండి, చాలావరకు ముందున్నట్టే అవుతుంది. కంట్రోల్‌తో ఎస్ నొక్కితే రాసింది భద్రమవుతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి మధ్యమధ్యలో ఇది నొక్కుతూ ఉండండి. పని అయ్యాక గోడ స్విచ్ కట్టేయకండి. ముందు స్టార్ట్, తర్వాత పవర్, తర్వాత షట్‌డౌన్.

రెండో మెట్టు: మౌస్

ఎడమ మీట ఒకసారి నొక్కితే ఎంచుకోవడం, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే తెరవడం, కుడి మీట నొక్కితే ఏమేం చేయవచ్చో జాబితా కనిపించడం. ఇంతే. 1968లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను తొలిసారి సభలో చూపించినప్పుడు అది అందరికీ కొత్తే. చేయి కుదరడానికి పెయింట్ తెరిచి ముగ్గు వేయండి. ముందు చుక్కలు పెట్టండి, తర్వాత ఎడమ మీట నొక్కి ఉంచి గీత లాగండి. అమ్మ మొదటి రోజు గీతలు వంకర్లు పోయాయి. నాలుగో రోజుకు చుక్కలు కలిశాయి.

మూడో మెట్టు: కీబోర్డు

ఒకప్పుడు మన ఊళ్ళలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి లోయర్, హయ్యర్ పాసైనవారు మీ ఇంట్లో ఉంటే వాళ్ళే మీ గురువులు. కంప్యూటర్ అక్షరాల వరుస ఆ టైపు మిషన్లదే. ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలు వేలికి తగులుతాయి. చూపుడు వేళ్ళు అక్కడ ఉంచండి.

తెలుగులోనూ రాయవచ్చు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు ఫొనెటిక్ కీబోర్డు చేర్చుకుంటే, ఇంగ్లీషు అక్షరాలతో 'అమ్మ' అని కొట్టగానే తెలుగులో వస్తుంది. విండోస్ మీటతో స్పేస్ బార్ నొక్కితే భాష మారుతుంది.

నాలుగో మెట్టు: ఫైలు, ఫోల్డరు

ఫోల్డరు బీరువాలో అర లాంటిది, ఫైలు అందులో కాగితం లాంటిది. ఒక్కో బిడ్డ పేరున ఒక్కో ఫోల్డరు పెట్టండి. అందులో ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, మార్కుల మెమో స్కాన్ చేసి, చూడగానే తెలిసే పేర్లతో దాచండి.

ఐదో మెట్టు: ఫారం నింపడం

సబ్‌మిట్ నొక్కే ముందు ఆగండి. పేరు స్పెల్లింగు, పుట్టినతేదీ, ఫోన్ నంబరు సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూడండి. డిడి అంటే రోజు, ఎంఎం అంటే నెల. నెట్ సెంటర్‌లో పని అయ్యాక లాగౌట్ చేసి, అక్కడ దించుకున్న మీ కాగితాలు చెరిపించండి. ఫోన్ చేసి ఓటీపీ అడిగేవారికి చెప్పకండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పిల్లలకు ఒక మాట

అమ్మానాన్నలకు నేర్పేటప్పుడు మౌస్ లాక్కోకండి. చేయి వాళ్ళది, మాట మీది. అడిగిందే మళ్ళీ అడిగితే విసుక్కోకండి. మీకు ఎక్కాలు ఒక్క రోజులో రాలేదు కదా! నేనూ మొదటి వారంలో అమ్మ చేతిలోంచి మౌస్ లాక్కున్నాను. ఆమె ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు నేనే వెళ్ళి పిలవాల్సి వచ్చింది.

తల్లిదండ్రులారా, వచ్చే మీటింగ్‌కు మీరే స్వయంగా టైపు చేసిన రెండు వాక్యాలు తీసుకురండి. తప్పులున్నా పరవాలేదు, మీ బిడ్డ నోట్‌బుక్ పక్కనే పెట్టుకుని చదువుతాను.

గత నెలలో తమ్ముడి దరఖాస్తు కోసం అమ్మ ఒక్కతే నెట్ సెంటర్‌కి వెళ్ళింది. చివర్లో తెర వైపు వంగి, "బాబూ, ఆగు. ఆ తేదీ ఇంకోసారి చూడనీ" అందట.

తేదీ సరిగ్గానే ఉంది.