ఇసుక గుంటనుండి ఒలింపిక్ వేదికకు

వేసవి సెలవులలో మన పిల్లలు బావిగట్టునుండియు, చెరువుగట్టునుండియు నీటిలోనికి దుముకుట మన మందరము ఎరిగినదే. ఆ దుముకుటయే క్రమముగా నభ్యసించినచో నొక గొప్ప క్రీడావిద్య యగును. దీనిని డైవింగు అందురు. ఒక బాలుడు ఈ విద్యలో శిఖరము నందుకొనుటకు ఇల్లును, గురువును, కాలమును ఎట్లు తోడ్పడవలెనో తెలుపుటకై డాక్టరు శామీ లీ చరిత్రను తల్లిదండ్రులకు వినిపింపదలచితిమి.

ముందుగా ఆ విద్యాస్వరూపమును తెలిసికొందము. ఒలింపిక్ క్రీడలలో 3 మీటర్ల ఎత్తుననున్న స్ప్రింగు బోర్డునుండియు, 10 మీటర్ల ఎత్తుననున్న కదలని వేదికనుండియు దుముకుదురు. వేదికనుండి నీటిని చేరుటకు రెండు సెకనులైనను పట్టదు. నీటిని తాకునప్పటి వేగము గంటకు సుమారు 50 కిలోమీటర్లు. ఆ స్వల్పకాలములోనే పిల్లిమొగ్గలు వేసి, మెలితిరిగి, దేహమును నిటారుగా చాచి, నీరు చిందకుండ మునుగవలెను. న్యాయనిర్ణేతలు సున్న మొదలు 10 వరకు మార్కు లిత్తురు. ఆ మార్కులను, చేసిన దుముకు ఎంత కఠినమో తెలుపు అంకెతో హెచ్చింతురు. కావున ధైర్యమొక్కటియే చాలదు. తీరు కూడ నుండవలెను.

శామీ లీ 1920 ఆగష్టు 1వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. తల్లిదండ్రులు కొరియా దేశమునుండి వచ్చి అచట స్థిరపడినవారు. 1932లో లాస్ ఏంజెలిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. ఆ సంరంభము పండ్రెండేండ్ల ఆ బాలుని మనస్సులో గొప్ప కోరికను నాటెను. తండ్రి మాత్రము కుమారుడు వైద్యుడు కావలెనని కోరెను.

ఆ కాలమున పాసడీనా పట్టణపు ఈతకొలనులో శ్వేతజాతీయులు కాని పిల్లలకు వారమున కొక్కదినమే ప్రవేశము. వారు ఈదిన పిమ్మట ఆ నీటిని తోడివేసి క్రొత్తనీరు నింపెడివారట! ఇట్టి అవమానమును సహించుట పెద్దలకే కష్టము. అయినను శామీ సాధన మానలేదు. శిక్షకుడైన జిమ్ ర్యాన్ తన పెరటిలో గొయ్యి త్రవ్వి ఇసుక నింపెను. కొలను మూసియున్న దినములలో శామీ ఆ ఇసుకలోనికే దుముకుచు అభ్యసించెను. ఇసుకలో సాధన చేసినచో కాళ్ల బలము పెరుగును. ఎత్తుగా ఎగురుటకు అది మూలాధారము. నేటికిని ప్రపంచమందలి క్రీడాకారులు మెత్తని పరుపులపైనను, నడుమునకు త్రాళ్లు కట్టుకొనియు, నీటికి వెలుపల గంటలతరబడి సాధన చేయుచునే యున్నారు.

1942లో శామీ తన దేశమున జాతీయ విజేత యయ్యెను. యుద్ధకారణమున 1940, 1944 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలు జరుగలేదు. ఈ నడుమ ఆయన తండ్రి కోరికను నెరవేర్చుచు 1947లో వైద్యపట్టము పొందెను. మరుసటి సంవత్సరము లండనులో వేదికపోటీయందు స్వర్ణపతకమును, స్ప్రింగు బోర్డు పోటీయందు కాంస్యపతకమును గెలిచెను. 1952లో హెల్సింకి నగరమున తన 32వ జన్మదినముననే మరల వేదికపోటీలో స్వర్ణము సాధించెను. అప్పటికాయన సైన్యమున వైద్యుడు. తరువాత చెవి, ముక్కు, గొంతు వ్యాధుల వైద్యుడుగా పనిచేయుచునే పిన్నవారికి శిక్షణ నిచ్చెను. ఆయన శిష్యులలో బాబ్ వెబ్‌స్టర్ 1960, 1964 సంవత్సరములలో స్వర్ణములు గెలిచెను. గ్రెగ్ లుగానిస్ 1976లో పదునారేండ్ల ప్రాయముననే రజతము పొందెను. శామీ లీ 2016లో దివంగతుడయ్యెను.

ఈ చరిత్రనుండి తల్లిదండ్రులు గ్రహింపవలసినవి మూడు గలవు. మొదటిది, తొందర కూడదు. చైనా బాలిక ఫూ మింగ్‌షియా 1992లో 13 ఏండ్లకే వేదికపోటీలో స్వర్ణము గెలిచినమాట నిజమే. కాని శామీ లీ తొలి స్వర్ణము 28వ ఏట లభించినది. ఒక్కొక్కరి కొక్కొక్క కాలము. రెండవది, క్షేమము. ముందు ఈత రావలెను. పిమ్మట తక్కువ ఎత్తు. అది కుదిరినగాని పై మెట్టు ఎక్కరాదు. 10 మీటర్ల వేదిక క్రింద సుమారు 5 మీటర్ల లోతు నీరుంచుదురు. లోతు తెలియని బావిలోనికి తలక్రిందుగా దుమికినచో మెడయెముక విరిగి ప్రాణమే పోవచ్చును. గురువు లేనిదే ఈ విద్యకు పిల్లలను పంపకుడు.

మూడవది, ఆటకును చదువునకును వైరము లేదు. తండ్రి కోరిన చదువును, కుమారుడు కోరిన ఆటయు ఒకే జీవితములో ఫలించినవి. పరులనడుమ స్థిరపడిన కుటుంబములలో, పిల్లలకు స్థిరమైన వృత్తి దొరకవలెనను ఆందోళనచే పెద్దలు ఆటలను వారించుట సహజము. ఆ ఆందోళనను మేము తప్పుపట్టము. కాని సాయంకాలమున ఆటకై ఒక గంట విడిచినంతమాత్రమున చదువు చెడదు. క్రమశిక్షణ, సహనము, ఓడి మరల లేచుట అనువానిని పిల్లలు ఆ గంటలోనే నేర్చుకొందురు. వారి కోరికకు ఇంటిలో చోటు కల్పించుట మన ధర్మము.