ముందు నిశ్శబ్దం కొనుక్కో, బిడ్డా

లింబాయత్, సూరత్
ఆదివారం

చిన్నా,

మొన్న నువ్వు ఫోన్ చేసి అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. నువ్వు ‘సోనీ’ అన్నావో ‘పోనీ’ అన్నావో నాకు తెలియలేదు. తర్వాత మీ అమ్మ విడమరచి చెప్పింది. రోజూ పొద్దుగాల ఫ్లయింగ్ రాణీ ఎక్కి వాపి పోతున్నావట. పోను రాను మూడు గంటలు రైల్లోనే గడుస్తున్నాయట. ఆ మూడు గంటలు పాటలు వినడానికి చెవులు పూర్తిగా కప్పే మంచి హెడ్‌ఫోన్ కొనుక్కుంటావట. ఇరవై ఏళ్లు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసినవాణ్ని కాబట్టి నన్ను అడిగావు. ఫోన్‌లో అయితే నువ్వు అడిగేది సగం, నేను చెప్పేది సగం అవుతుంది. అందుకే కాగితం తీసుకున్నాను.

హెడ్‌ఫోన్ కంటే ముందు నా చెవుల సంగతి చెప్పాలి. రేడియో దుకాణం పెట్టకముందు నేను పన్నెండేళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాను. ఓరుగల్లు, కరీంనగర్, నల్లగొండ నుంచి ఇక్కడికి వచ్చిన మన పద్మశాలీలందరికీ ఆ షెడ్లు తెలిసినవే. నాడె ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి పోయి కొట్టుకునే చప్పుడు ఒక్క సాంచాకే నిమిషానికి వందసార్లు దాటుతుంది. అలాంటివి నలభై ఒకే రేకుల కప్పు కింద తిరుగుతుంటే పక్కవాడి మాట వినబడదు. పెదాలు చూసి, చెయ్యి చూసి అర్థం చేసుకునేవాళ్లం. అలాంటి షెడ్లలో మోత 90 డెసిబెల్స్ దాటడం మామూలు. చెవుల్లో దూది పెట్టుకుంటే చాలనుకున్నాం. దూది ఆ మోతను ఆపదని మాకు చెప్పినవాళ్లు లేరు.

పోయిన ఏడాది చెవుల డాక్టరు పరీక్ష చేసి కాగితం మీద గీత గీసి చూపించాడు. మొదట చదునుగా ఉన్న గీత 4000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి బావిలోకి దిగినట్టు దిగిపోయింది. మోతలో పనిచేసినవాళ్ల చెవి ముందు అక్కడే దెబ్బతింటుందట. లోపలి చెవిలో సన్న వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి. అవి ఒకసారి చచ్చిపోతే మనిషికి మళ్లీ మొలవవు. మాటల్లో స, శ, ఫ లాంటి అక్షరాలు బతికేది ఆ పై స్థాయిలోనే. అందుకే నీ ‘సోనీ’ నాకు అందలేదు. ఘంటసాల గొంతు నాకిప్పటికీ వినబడుతుంది. ఆ గొంతు వెనక తాళాల అంచు, గజ్జెల సవ్వడి, పిల్లనగ్రోవిలో ఊదేవాడి ఊపిరి మాత్రం పోయాయి. పాట ఉంది, పాట చుట్టూ ఉండే గాలి లేదు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. నువ్వు కొనేది ముందు నిశ్శబ్దం, ఆ తర్వాతే సంగీతం.

రైల్లో నువ్వేం చేస్తావో ఆలోచించు. చక్రాల మోత, కిటికీ గాలి, చాయ్‌వాలా కేక, పక్క సీట్లో ఫోన్‌లో వీడియో. వాటిని మించి పాట వినాలని సౌండు పెంచుతావు. బిలిమోరా దగ్గర పెంచినదాన్ని వల్సాడ్ దాటినా తగ్గించవు. చెవి దానికి అలవాటు పడిపోతుంది కాబట్టి ఎక్కువైందని నీకు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు పెట్టిన హద్దు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి పడిపోతుంది. 83 అయితే 20 గంటలు, 90 అయితే 4 గంటలే. నీ ప్రయాణం రోజుకు మూడు గంటల చొప్పున ఆరు రోజులకు 18 గంటలు. అంటే 83 దగ్గరే నీ హద్దు అయిపోవచ్చింది. 90 దగ్గర వింటే మంగళవారం పొద్దున్నే వారం కోటా చెల్లిపోతుంది. లెక్క నువ్వే వేసి చూడు.

ఇప్పుడు వస్తువు సంగతి. హెడ్‌ఫోన్లలో వెనకవైపు జాలీ ఉండేవి ఒక రకం, మూసి ఉండేవి ఇంకో రకం. జాలీ ఉన్నవాటిలో పాట విశాలంగా, ఇంటి వాకిట్లో కచేరీ విన్నట్టు ఉంటుంది. కానీ బయటి మోత లోపలికి, నీ పాట బయటికి తిరుగుతూనే ఉంటాయి. రైలుకు అవి పనికిరావు. మూసి ఉండేదే నీకు కావాలి. ఆ మూసి ఉండేవాటిలోనూ చెవి మీద ఆనేవి, చెవి చుట్టూ కూర్చునేవి వేరు. సెన్‌హైజర్ హెచ్‌డీ 25 అనేది చెవి మీద ఆనే రకం. 1988 నుంచి ఉంది, బరువు 140 గ్రాములే. డీజేలు, సౌండు రికార్డు చేసేవాళ్లు దాన్ని వదలరు. కానీ అది తలను గట్టిగా పట్టి చెవిని నొక్కుతుంది. నీకు కళ్లద్దాలున్నాయి. గంట గడిచేసరికి అద్దాల కాడ కింద చెవి మండుతుంది. నువ్వు చెవి చుట్టూ కూర్చునేదే తీసుకో. మెత్త అంతా చర్మానికి ఆనాలి. కాడ దగ్గర సందు మిగిలితే ఆ సందులోంచి ముందు పోయేది బేస్. కాబట్టి దుకాణానికి కళ్లద్దాలు పెట్టుకునే వెళ్లు.

మెత్త గట్టిగా కూర్చుంటే మాటలు, కేకలు, గిలకల కీచు లాంటి పైచప్పుళ్లు బాగా తగ్గుతాయి. చక్రాల కింది గుడగుడ మాత్రం మెత్తకు లొంగదు. దానికోసమే నాయిస్ క్యాన్సిలింగ్ పెట్టారు. చిన్న మైకు బయటి మోతను వింటుంది, దానికి సరిగ్గా తిరగబడిన అలను లోపలి స్పీకర్ పుట్టిస్తుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. స్వాతంత్ర్య పోరాట కాలంలో బెంగాల్ నుంచి అమెరికా చేరిన విప్లవకారుడి కొడుకు అమర్ బోస్ 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్‌కు విమానంలో వెళ్తూ ఈ ఆలోచన చేశాడు. విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్‌లో ఇంజిన్ మోత తప్ప పాట వినబడలేదట. అక్కడికక్కడే కాగితం మీద లెక్కలు మొదలుపెట్టాడు. పైలట్ల హెడ్‌సెట్‌గా అది అమ్మకానికి రావడానికి 1989 దాకా పట్టింది. మనలాంటివాళ్ల చేతికి 2000లో వచ్చింది. నిలకడగా సాగే కింది మోతను అది బాగా అణచివేస్తుంది. హఠాత్తుగా వచ్చే కేకను ఆపలేదు, ఆ పని మెత్తది. రెండూ ఉంటేనే రైలు నోరు మూస్తుంది.

ఇక నాణ్యత. రింగ్‌రోడ్డు మార్కెట్లో గంజి దట్టంగా పెట్టిన బట్ట చూశావు కదా. చేతికి బరువుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. మొదటి ఉతుకుకే పోగుల మధ్య సందు బయటపడుతుంది. మార్కెట్లో దొరికే చాలా హెడ్‌ఫోన్లలో బేస్ ఆ గంజి లాంటిదే. నిమిషం వింటే గుండె అదురుతుంది, గంట వింటే గొంతు ఎక్కడుందో వెతుక్కోవాలి. గంజి కింద పోగు ఎలా ఉందో చూసి కొను.

దానికి మూడు పాటలు దగ్గర పెట్టుకో, అన్నీ నీకు బాగా తెలిసినవే ఉండాలి. ఒకటి కచేరీ రికార్డింగు. అందులో మృదంగం ఎడమవైపు దెబ్బను పట్టుకుని విను. ఆ మూతకు రవ్వ ముద్ద అంటిస్తారు. అందుకే ఆ నాదం కిందికి దిగి, గుండ్రంగా సాగి, ఆగిపోతుంది. మంచి హెడ్‌ఫోన్‌లో ఆ నాదం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. గంజి పెట్టినదాంట్లో దెబ్బదెబ్బకూ మధ్య ఖాళీ పూడిపోయి గుంయ్ అంటుంది. అదే పాటలో తంబురా ఆగకుండా వినబడుతోందా చూడు. రెండోది ఘంటసాల పాత పాట. అది మోనో రికార్డింగు, ఎడమా కుడీ తేడా ఉండదు. గొంతు సరిగ్గా నీ నుదుటి మధ్యన నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే ఆ జత కుదరలేదని అర్థం. మూడోది ఇళయరాజాది. ఆయన పాటల్లో బేస్ గిటార్ తాళం వేసి ఊరుకోదు, వెనక ఇంకో పాట పాడుతుంటుంది. ఆ వరుసను నోటితో కూనిరాగం తీయగలిగితే హెడ్‌ఫోన్ నిజం చెబుతున్నట్టే.

దుకాణంలో ఒక మోసానికి లొంగవద్దు. రెండు హెడ్‌ఫోన్లలో ఏది కాస్త ఎక్కువ సౌండు ఇస్తే అదే మంచిదని చెవి నమ్ముతుంది. ఇది అందరి చెవులకూ ఉన్న గుణం. కాబట్టి రెండింటిలోనూ గొంతు ఒకే ఎత్తులో వినబడేలా సౌండు సరిచేసి పోల్చు. ఆ తర్వాత ఏసీ గదిలో నుంచి లేచి దుకాణం గుమ్మంలోకి రా. ఆటోలు, హారన్ల ముందు నిలబడు. లోపల హాయిగా వినబడిన పాట ఇక్కడ కూడా అంతే హాయిగా వినబడాలంటే సౌండు ఎన్ని గీతలు పెంచాల్సి వచ్చిందో లెక్కపెట్టు. తక్కువ గీతలు అడిగినదే నీది.

వైరా, బ్లూటూతా అని కూడా అడిగావట. సీడీలో సంగీతం సెకనుకు 1411 కిలోబిట్లు. బ్లూటూత్‌లో ఎల్‌డీఏసీ అనేది ఎక్కువలో ఎక్కువ 990 మోస్తుంది, మిగతావాటిలో చాలావరకు అంతకన్నా తక్కువే. ఐఫోన్లలో ఎల్‌డీఏసీ లేనే లేదు. కాగితం మీద వైరే గెలుస్తుంది. కానీ రైల్లో ఆ తేడా కంటే మోత చేసే చెరుపు చాలా పెద్దది. కాబట్టి బ్లూటూత్‌తో పాటు 3.5 ఎమ్ఎమ్ వైరు కూడా పెట్టుకునేది తీసుకో. బ్యాటరీ అయిపోయినా పాట ఆగకూడదు. నీ ఫోన్‌కు ఆ రంధ్రం లేకపోతే టైప్-సీకి తగిలించే చిన్న కన్వర్టర్ దొరుకుతుంది. ఓములు కూడా చూడు. ఒకే పేరుతో 32, 80, 250 ఓముల్లో వచ్చేవి ఉన్నాయి, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అలాంటిదే. 250ది ఫోన్‌తో నీరసంగా మోగుతుంది. ఫోన్‌కైతే 32కు అటూఇటూగా ఉన్నది తీసుకో.

నా రేడియో దుకాణంలో బాగుకు వచ్చిన హెడ్‌ఫోన్లు మూడు చోట్లే చచ్చేవి. ప్లగ్ మెడ దగ్గర వైరు తెగేది. మడత కీలు విరిగేది. మెత్త తోలు పెచ్చులు పెచ్చులుగా రాలేది. మన సూరత్ ఉక్కపోతకు ఆ తోలు ఇంకా తొందరగా పోతుంది. అందుకే వైరు పీకి మార్చుకునేదిగా ఉండాలి, మెత్తలు విడిగా దొరకాలి, గట్టి డబ్బా ఉండాలి. తీశాక చెమట తుడిచి గాలికి పెట్టు.

పేర్లు చెప్పమంటే ఇవి. కేవలం సంగీతం కోసం, వైరుతోనే అయితే ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎమ్50ఎక్స్. 38 ఓములు, 285 గ్రాములు, మడత పడుతుంది, వైర్లు మార్చుకోవచ్చు. 1991 నుంచి స్టూడియోల్లో ఉన్న సోనీ ఎమ్‌డీఆర్-7506 కూడా మడత పడేదే, గొంతును అద్దంలా చూపిస్తుంది. కానీ దాని చుట్టల వైరు పొడవూ బరువూ ఎక్కువ, పీకడానికి రాదు, రైలు సీట్లో ఇబ్బంది. రోజూ మూడు గంటల రైలుకు మాత్రం నా తీర్పు నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నదానికే. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎమ్4 లాంటిది సరిపోతుంది. అది 2020 నాటిది, మడత పడుతుంది, వైరు కూడా పెట్టుకోవచ్చు. దాని తర్వాత 2022లో వచ్చిన ఎక్స్ఎమ్5 అలా మడత పడదు, సంచిలో చోటు ఎక్కువ తింటుంది. కొత్తదే మేలనుకోకుండా ఇలాంటివి చూసి కొను. ఏదైనా బిల్లుతో తీసుకో. ఫుట్‌పాత్ మీద అదే పేరుతో నాలుగో వంతు ధరకు ఇచ్చేవాడి దగ్గర వద్దు.

చెవులు మూసుకునే వస్తువు కదా, ఇంకో జాగ్రత్త. స్టేషన్లో మెడలో ఉంచుకో, చెవులకు వద్దు. పట్టాల దగ్గర అయితే అసలే వద్దు. రైలు ఎక్కి కూర్చున్నాకే పెట్టుకో, దిగే స్టేషన్ రాకముందే తీసెయ్. దసరాకు నవజీవన్‌లో ఓరుగల్లు పోయేటప్పుడు అర్ధరాత్రి దాటాక ఎక్కి మళ్లీ పొద్దుగూకేదాకా రైల్లోనే ఉంటాం. ఆ రోజు గంటకోసారి తీసి చెవులకు పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వు. పడుకునేటప్పుడు పాట ఆపెయ్.

మన బస్తీలో ఇంకా సాంచాల మీద ఉన్న నీ ఈడు పిల్లలకు ఈ ఉత్తరం చదివి వినిపించు. వాళ్లకు హెడ్‌ఫోన్ కాదు, షెడ్డులో పెట్టుకునే చెవి మూతలు కావాలి. మందుల దుకాణంలో ఫోమువి చాలా తక్కువ ధరకే దొరుకుతాయి. నా రోజుల్లో ఆ మాట ఎవరైనా చెప్పి ఉంటే ఈ ఉత్తరం ఇలా రాసేవాణ్ని కాదు.

కొన్నాక ఒక ఆదివారం ఇంటికి రా. నాకు వినబడని తాళాలు, గజ్జెలు నీకు వినబడుతున్నాయో లేదో నా ముందే విని చెప్పు. వినబడితే ఆ హెడ్‌ఫోన్ మంచిదే, నీ చెవులూ మంచివే. ఆ చెవులను నా వయసుకు కూడా అలాగే తీసుకురా. సౌండు సగం దాటనివ్వకు. పైలం బిడ్డా.

ఇట్లు,
నీ పెద్దబాపు