బలమైన ఆహారము: ఎవరికెంత?

పాలు, పెరుగు, నేయి, నూనె, బెల్లము, నూనెలో వేగిన పదార్థములు అను ఈ ఆరింటిని జైన గృహస్థులు ‘విగయి’ అందురు. సంస్కృతములోని ‘వికృతి’యే ప్రాకృతమున విగయి అయినది. ఆయంబిల్ నాడు వీనిలో ఏ ఒక్కటియు ముట్టరు. ఆరు బాహ్య తపస్సులలో రసపరిత్యాగము ఒకటి. ఇవి చిన్ననాటినుండి వినుచుండుటవలన నేయి, నువ్వులు, బెల్లము నాలుకకు లొంగినవారి తిండి యనియు, పలుచని చారన్నమే సాత్త్వికమనియు కొందరి భావము. మరికొందరు నేయి ఎంత పోసిన అంత బలమని నమ్ముదురు. రెండును సరికావు. బలమైన ఆహారము మంచిదా, చెడ్డదా అని అడుగుటకంటె ఎవరికి, ఎంత అని అడుగుట మేలు.

మొదట లెక్క చూడవలెను. ఆహారమిచ్చు శక్తిని కేలరీలతో కొలుతురు. ఒక గ్రాము పిండిపదార్థముగాని, మాంసకృత్తులుగాని సుమారు 4 కేలరీలిచ్చును. ఒక గ్రాము కొవ్వు 9 ఇచ్చును. నీరు ఏమియు నీయదు. కావున నీరు ఎక్కువగానున్న పదార్థము కడుపు నింపును గాని శక్తిని తక్కువగా నిచ్చును. నూరు గ్రాముల వండిన అన్నములో సుమారు 130 కేలరీలుండగా, అదే తూకము బెల్లములో 380, వేరుశనగపప్పులోను నువ్వులలోను సుమారు 570, నేతిలో 900 ఉండును. అయిదు గ్రాముల చిన్న చెంచా నేయి 45 కేలరీలు. తూకము తక్కువై శక్తి ఎక్కువగానున్న దానినే ఇక్కడ బలమైన ఆహారమని చెప్పుట.

ఇక అంబత్తూరులో ఒక ఇంటిని ఊహించుడు. తండ్రి దుకాణములో గల్లాపెట్టె ముందు కూర్చుండును. కుమారుడు పారిశ్రామికవాడలో దినమంతయు యంత్రము వద్ద నిలబడి పనిచేయును. ఇంట అయిదేండ్ల మనుమరాలు, ఎనుబది దాటిన అవ్వ ఉన్నారు. సూర్యాస్తమయము తరువాత ఎవరును భుజింపరు. నేతిగిన్నె మొదట ఎవరి విస్తరి వద్దకు పోవును? యజమాని వద్దకే. పిల్లకు రెండు ముద్దల చారన్నము, అవ్వకు పలుచని గంజి. భక్తిలోను, ప్రేమలోను లోపము లేదు. పంపకములో మాత్రము లోపమున్నది.

జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన అంచనాల ప్రకారము కూర్చుండి పనిచేయు పురుషునకు దినమునకు 2,110 కేలరీలు కావలెను. మధ్యరకపు శ్రమచేయువానికి 2,710. నాలుగు మొదలు ఆరేండ్లలోపు బిడ్డకు 1,360. ఈ లెక్కలో పురుషుని బరువు 65 కిలోలు. బిడ్డ బరువు సుమారు 18. అనగా తాత బరువులో మూడవ వంతైనను లేని మనుమరాలికి ఆయన తిండిలో ఇంచుమించు మూడింట రెండువంతులు కావలెను. ఆమె కడుపు చూడబోయిన చిన్నది. చారన్నముతో అంత శక్తి రావలెనన్న ఆ కడుపు పట్టదు. “చాలు తాతా” అని పిల్ల లేచిపోవును. కడుపు నిండిన మాట నిజమే, కాని అవసరము తీరలేదు.

ఇది ఊహ కాదని తెలుగునాటనే రుజువైనది. 1918లో కూనూరులో చిన్నగా ప్రారంభమైన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు వచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. డాక్టరు గోపాలన్, ఆయన సహచరులు అయిదేండ్లలోపు పేదపిల్లలకు పదునాలుగు నెలలపాటు గోధుమపిండి, పంచదార, నూనెలతో చేసిన పదార్థమును దినమునకు 310 కేలరీల చొప్పున అదనముగా పెట్టించిరి. అందులో మాంసకృత్తులు 3 గ్రాములు మాత్రమే. అయినను ఆ పిల్లలు, అది తినని పిల్లలకంటె ఎత్తులోను బరువులోను బాగుగా పెరిగిరని 1973లో ప్రకటించిరి. పిల్లల కొరతలో మొదటిది చాలినంత తిండి లేకపోవుటయే యని దీనివలన తేలినది. గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లము 20 కలిపిన ‘హైదరాబాదు మిశ్రమము’ కూడ ఆ సంస్థ చెప్పినదే. దాని శక్తి సుమారు 330 కేలరీలు. ఇందులో కందమూలము లేదు. వేరుశనగ భూమిలో కాసినను గింజయే. ఏ తల్లియైనను ఇంట వేయించి పొడిచేసుకొనవచ్చును. చిన్నపిల్లలకు మాత్రము గింజలు పొడిచేసియే పెట్టవలెను. గింజ గొంతునకు అడ్డుపడు ప్రమాదమున్నది.

కుమారుని సంగతి వేరు. మార్గశిరమాసమున అంబత్తూరులో ఆరు గంటలు కాకముందే సూర్యుడస్తమించును. పని ముగించి వచ్చునప్పటికి చౌవిహారము మొదలైపోవును. నవకారసీ పాటించినచో ఉదయము సూర్యోదయమైన 48 నిమిషములు గడచినగాని నోట ఏమియు వేయరాదు. తినుటకు మిగిలినది పదిన్నర గంటలే. అందులో చాలభాగము పనిలో పోవును. కూర్చున్నవానికంటె అతనికి 600 కేలరీలు ఎక్కువ కావలెను. వానిని అన్నముతోనే తీర్చుకొనవలెనన్న 460 గ్రాముల అన్నము అదనముగా తినవలెను. తిని యంత్రము ముందు నిలబడుట కష్టము. దానికి బదులు నూరు గ్రాముల అన్నము, రెండు చెంచాల నేయి, 50 గ్రాముల వేరుశనగపప్పు, 25 గ్రాముల బెల్లము డబ్బాలో పెట్టినచో లెక్క సరిపోవును. వ్రతమును నిలుచును, ఒళ్లును నిలుచును.

అవ్వకు ఆకలి తక్కువ, పండ్లు లేవు. ఆమె పెసరపప్పు కిచిడీలో ఒక చెంచా నేయి, గంజికి బదులు పాలు, నువ్వులపొడి బెల్లము ఆమెకు తగినవి. మధుమేహమున్నచో బెల్లము విషయము వైద్యుని అడుగవలెను. కారణము తెలియక ఒళ్లు తగ్గుచున్నచో అది తపఃఫలమని ఊరకుండరాదు. దీర్ఘోపవాసమునకు పారణ చేయువారు మొదటి దినముననే నేయి, మిఠాయి ముట్టుట ప్రమాదకరము. పలుచని పెసరకట్టుతో మొదలుపెట్టి, వైద్యుని సలహాతో మెల్లగా పెంచవలెను.

చివరకు గల్లాపెట్టె ముందున్న యజమాని. ఆయన ఖర్చు తక్కువ, జమ ఎక్కువ. మధ్యాహ్నము నేతి అన్నము, నాలుగు గంటలకు మిక్చరు, ఉత్సవములలో మిఠాయి. 50 గ్రాముల మిక్చరులోనే సుమారు 250 కేలరీలుండును. ఖర్చుకాని జమ నడుముచుట్టు నిలువగా మిగులును. ఆయనకు నేయి, నూనె కలిపి దినమునకు అయిదారు చెంచాలకు మించకుండుట మేలు. వేగిన చిరుతిండికి బదులు గుప్పెడు పప్పులు చాలును. అవియు తిండిపైన తిండిగా గాక, తిండిలో భాగముగా ఉండవలెను. పప్పులు కొనునపుడు బూజుపట్టినవి, పురుగుపట్టినవి తీసివేయవలెను. బూజులో విషముండును, పురుగు విషయము జైనులకు వేరుగ చెప్పనక్కరలేదు.

రసపరిత్యాగమును, కడుపు కొంత వెలితిగ ఉంచు ఊనోదరి వ్రతమును చేయదగినవాడు ఆయనయే. త్యాగమనగా తనకున్నదానిని తాను విడుచుట. పసిపిల్ల విస్తరిలో నేయి తగ్గించుట త్యాగము కాదు. సంవత్సరముపైగా ఆహారము లేని ఋషభదేవునకు శ్రేయాంసకుమారుడు మొదట సమర్పించినది చెరకురసము. ఎవరికి, ఎప్పుడు, ఏది తగునో ఎరిగి ఇచ్చుటచేతనే ఆ దానము నేటికిని అక్షయతృతీయనాడు స్మరింపబడుచున్నది. ఈ పూట ఇంటిలో నేతిగిన్నె ఎటునుండి ఎటు తిరుగవలెనో గృహిణి, యజమాని కూడి ఆలోచించుకొనవలెను.