'పై' ఎందుకు భిన్నం కాదు?

భిలాయి ఉక్కు పట్టణం, సెక్టర్ 7లోని ఒక ఇంట్లో 28 సెంటీమీటర్ల వ్యాసం గల స్టీలు కంచం ఉందనుకుందాం. అంచు చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలుతో కొలిస్తే దాదాపు 88 సెంటీమీటర్లు వస్తుంది. 88ని 28తో భాగిస్తే 22/7. బడిలో చెప్పిన 'పై' విలువ అదే కదా!

కానీ అసలు చుట్టుకొలత 87.96 సెంటీమీటర్లు. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు కాబట్టి దారానికి దొరకదు. వృత్తం పెద్దదైతే దొరుకుతుంది. కిలోమీటరు వ్యాసం గల వృత్తానికి 22/7 వాడితే పరిధి 1.26 మీటర్లు ఎక్కువ వస్తుంది. ఆర్యభటుడు ఇచ్చిన 62832/20000, అంటే 3.1416 వాడితే తేడా 7 మిల్లీమీటర్లే. అయినా ఆయన దాన్ని 'ఆసన్నం', అంటే దగ్గరి విలువ అనే అన్నాడు. వ్యాసాన్ని శేషం లేకుండా కొలిచే ఏ కొలమానంతో కొలిచినా పరిధిలో కొంత శేషం మిగులుతుందని కేరళ గణితవేత్త నీలకంఠ సోమయాజి ఆ మాటను వివరించాడు.

రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేని ఇలాంటి సంఖ్యను కరణీయ సంఖ్య అంటారు. 'పై' అలాంటిదేనని కొలిచి తేల్చలేం, ఎందుకంటే స్కేలు మీద చదివే ప్రతి కొలతా భిన్నమే. కంప్యూటరు లక్షల కోట్ల దశాంశ స్థానాలు లెక్కించినా, ఆ తర్వాత అంకెల వరుస తిరిగి తిరిగి రాదని చెప్పలేదు. అందుకు నిరూపణ కావాలి.

మొదటి నిరూపణను 1761లో లాంబర్ట్ ఇచ్చాడు. 1947లో ఐవన్ నివెన్ ఒక పేజీలో ముగిసే నిరూపణ రాశాడు. దాని సారం ఇది.

'పై' ఒక భిన్నమే అనుకుందాం. ఆ భిన్నపు లవం, హారాలతో ఒక బహుపదిని తయారుచేసి, ఒక పెద్ద క్రమగుణితంతో భాగించి, సైన్ ప్రమేయంతో గుణిస్తారు. ఇలా వచ్చిన వక్రరేఖ కింద, సున్నా నుంచి 'పై' వరకు ఉన్న వైశాల్యాన్ని రెండు విధాలుగా చూడవచ్చు.

ఒకటి: ఆ రెండు చివరల దగ్గర బహుపది అవకలనాలన్నీ పూర్ణసంఖ్యలే, సైన్, కొసైన్ విలువలు 0, 1, -1లలో ఏదో ఒకటి. కాబట్టి వైశాల్యం పూర్ణసంఖ్య కావాలి. రెండు: వక్రరేఖ మధ్యలో ఎక్కడా సున్నాకు దిగదు కాబట్టి వైశాల్యం సున్నా కన్నా ఎక్కువ. కానీ భాగించే క్రమగుణితం తగినంత పెద్దదైతే అది 1 కన్నా తక్కువ.

0కీ 1కీ మధ్య పూర్ణసంఖ్య ఏదీ లేదు. అంటే మొదట అనుకున్నదే తప్పు: 'పై' భిన్నం కాదు. కంచం లెక్కకు 22/7 చాలు. కానీ అది 'పై'కి దగ్గరి విలువ మాత్రమే, 'పై' కాదు.