మస్టర్ పడితే సరిపోదు: బరువు తగ్గించే సర్జరీ నేర్చుకునే దారి

మందమర్రిలో కొత్తగా నౌకరీలో చేరిన పిల్లగాడిని నేరుగా బొగ్గు బాయిలోకి దింపరు. ముందు వృత్తి శిక్షణ కేంద్రానికి (వీటీసీకి) పంపుతారు. టోపీ లైటు ఎట్లా వాడాలో, వాసన లేని గ్యాసు మనిషిని ఎట్లా పడగొడుతుందో అక్కడ నేర్పుతారు. ఆ తర్వాత దిగినా ఒంటరిగా వదలరు. పాత కార్మికుడొకరు పక్కన నిలబడి ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టి వినిపిస్తాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ తేడా చెవికి పట్టేదాకా కొత్తవాడు కొత్తవాడే. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం ఐదేళ్లకోసారి రిఫ్రెషర్ శిక్షణ కూడా ఉంటుంది.

డాక్టర్లకూ ఇట్లాంటి ఐదేళ్ల లెక్క ఒకటుంది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యకు కేటాయించాలి. అది మంచి నియమమే. కానీ గంటలు మస్టర్ లాంటివి. మస్టర్ పడితే మనిషి డ్యూటీకి వచ్చాడని తెలుస్తుంది. ఆ షిఫ్టులో ఎంత బొగ్గు తీశాడో, ఎంత జాగ్రత్తగా తీశాడో తెలియదు. పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, లోపలి జీర్ణాశయాన్ని కోసి, కుట్టి, బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీలో ఆ తేడా ప్రాణాల మీదికి వస్తుంది.

మూడు షిఫ్టుల బతుకులో తిండికీ నిద్రకూ వేళాపాళా ఉండదు. బొగ్గుబెల్టులో షుగరు, బీపీ, ఒంటి బరువు కలిసి ఉన్నవాళ్లు ఏ వాడకు పోయినా కనిపిస్తారు. మంచిర్యాలలో, రామగుండంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రేపు ఇక్కడి పిల్లలే సర్జన్లు అవుతారు. అప్పటికే ఎంఎస్ జనరల్ సర్జరీ చదివిన డాక్టరు ఈ పని చేతికి తెచ్చుకోవాలంటే ఏ మెట్లెక్కాలో వరసగా చూద్దాం.

మొదటి మెట్టు: పునాది

మనదేశంలో తొలి లాప్రోస్కోపిక్ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే) పిత్తాశయ శస్త్రచికిత్సను 1990లో ముంబై జేజే ఆసుపత్రిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా చేశారు. ఈనాటి సర్జన్ బేరియాట్రిక్ వైపు చూసే ముందు ఆ పిత్తాశయం, అపెండిక్స్, హెర్నియా ఆపరేషన్లు కెమెరాతో తడబాటు లేకుండా చేయగలగాలి. పునాది కోసం ఐఏజీఈఎస్, అమాసి లాంటి సర్జన్ల సంఘాలు చిన్న కోర్సులు, పరీక్షలు పెడతాయి. పూర్తికాలం నేర్చుకోదలచినవారికి జాతీయ పరీక్షల మండలి ఇచ్చే రెండేళ్ల ఎఫ్ఎన్‌బీ మినిమల్ యాక్సెస్ సర్జరీ ఫెలోషిప్ ఉంది. రెండు మూడు రోజుల కోర్సు దారి చూపిస్తుంది. నడక మాత్రం తర్వాత నేర్చుకోవలసిందే.

రెండో మెట్టు: రోగిని చదవడం

కత్తి పట్టకముందు నేర్చుకోవలసింది ఎవరికి ఆపరేషన్ చేయాలి, ఎవరికి చేయకూడదు అన్నది. ఎత్తునుబట్టి బరువును లెక్కగట్టే కొలత బీఎంఐ. 165 సెంటీమీటర్ల ఎత్తు, 95 కిలోల బరువు ఉన్న మనిషికి అది దాదాపు 35. 1991 నాటి అమెరికా మార్గదర్శకాల్లో ఆపరేషన్‌కు గీత 40 దగ్గర ఉండేది. షుగరు లాంటి జబ్బు తోడైతే 35. 2022లో రెండు బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు, ఒకటి అమెరికాది, ఒకటి అంతర్జాతీయం, కలిసి ఆ గీతను జబ్బులతో పనిలేకుండానే 35కు దించాయి. ఆసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగరు వస్తుంది కాబట్టి ఇంకా తక్కువ దగ్గరే, 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. పాత గీతతోనే ఆగిపోయిన డాక్టరు అవసరమైన మనిషిని వెనక్కి పంపిస్తాడు. నిరంతర విద్య అవసరం ఇక్కడే మొదలవుతుంది.

అంకెల తర్వాత మాట. యాభై దాటిన కార్మికుడు ఎదురుగా కూర్చుని ఇట్లా అడిగాడనుకుందాం: "సారూ, కడుపు చిన్నగ జేస్తే మళ్ల బాయిల దిగనిస్తరా?" దానికి "ఏం కాదులే" అన్నది జవాబు కాదు. "అన్నా, దిగనిచ్చుడు కంపెనీ డాక్టర్ల చేతుల ఉంటది. నేను చెప్పేది ఇంకోటుంది, విను. ఆపరేషనైనంక గ్లాసెడు నీళ్లు ఒక్క గుక్కల తాగలేవు. గుటక గుటకగా, దినమంతా తాగాలె. చెమట పట్టే పని నీది. సీసా ఎప్పుడూ నీ పక్కన ఉండాలె" అని చెప్పగలగాలి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఇది చిన్న మాట కాదు. ఒంట్లో నీరు తగ్గితే ఆపరేషన్ బాగా జరిగిన మనిషి కూడా వారానికే మళ్లీ ఆసుపత్రిలో పడతాడు. మందు అలవాటు ఉంటే అదీ ఇప్పుడే మాట్లాడాలి. ఆపరేషన్ తర్వాత మద్యం రక్తంలోకి తొందరగా ఎక్కుతుంది. మునుపటి కొలత ఇక పనికిరాదు.

మూడో మెట్టు: డబ్బాలో చేతులు

ఇప్పుడు చేతి పని. మూతకు రంధ్రాలున్న ఒక డబ్బా, లోపల చిన్న కెమెరా, ఎదురుగా తెర. అమెరికాలోని సేజెస్ అనే సర్జన్ల సంఘం 2004లో మొదలుపెట్టిన ఎఫ్ఎల్ఎస్ పరీక్షలో ఇట్లాంటి డబ్బాలోనే ఐదు పనులు చేయాలి. చిన్న ముక్కలను ఒక మేకు మీదనుంచి ఇంకో మేకు మీదికి మార్చాలి. గాజుగుడ్డ మీద గీసిన వృత్తాన్ని గీత తప్పకుండా కత్తిరించాలి. దారపు ఉచ్చు వేసి బిగించాలి. బయట ముడి వేసి లోపలికి తోయాలి. చివరిది అన్నిటికంటే కష్టం: ముడిని లోపలే వేయాలి.

దాన్ని దగ్గరగా చూద్దాం. పరికరం ముప్పైకి పైగా సెంటీమీటర్ల పొడవు. పొట్ట గోడ దగ్గర అది తులాదండంలా తిరుగుతుంది కాబట్టి చేయి ఎడమకు పోతే మొన కుడికి పోతుంది. తెర మీద లోతు తెలియదు. కుడిచేతి పరికరం వంపు సూదిని ముక్కలో దించుతుంది. దారం లాగి చిన్న తోక మాత్రమే మిగల్చాలి. తోక పొడవైతే ముడిలో చిక్కుతుంది. పొడుగు దారంతో ఆంగ్ల అక్షరం 'సి' లాంటి వంపు చేసి, ఆ వంపు మీద ఎడమచేతి పరికరాన్ని ఆనించి, దారాన్ని దాని చుట్టూ రెండుసార్లు తిప్పి, తోకను అందుకుని, రెండు చేతులనూ ఎదురెదురు దిక్కులకు లాగాలి. తర్వాత దిక్కు మార్చి ఒక చుట్టు. మళ్లీ మార్చి ఇంకోటి. మొదటిసారి పదినిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. రోజూ అరగంట కూర్చుంటే కొన్ని వారాల్లో రెండు నిమిషాల లోపలికి వస్తుంది. డబ్బాను ఇంట్లోనూ పెట్టుకోవచ్చు. మందమర్రిలో నైట్ డ్యూటీ డాక్టరు గదిలోనూ పెట్టుకోవచ్చు. దీనికి హైదరాబాద్ పోనక్కర్లేదు.

నాలుగో మెట్టు: అసలు కణజాలం

గుడ్డ మీద వచ్చిన చేయి మాంసం మీద కొత్తగా మొదలవుతుంది. అందుకే మేక, పంది జీర్ణాశయాల మీద స్టేప్లర్ వాడి చూస్తారు. గోడ మందాన్నిబట్టి స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌లు వేర్వేరు రంగుల్లో ఉంటాయి. జీర్ణాశయం కింది భాగం మందం, పైభాగం పలచన. మందమైనచోట చిన్న పిన్నులు వాడితే అవి మూసుకోవు. పలచనిచోట పెద్దవి వాడితే రక్తం ఆగదు. ఆ మందాన్ని దవడ బిగించేటప్పుడే చేతితో పసిగట్టడం ఇక్కడ నేర్చుకోవాలి.

ఐదో మెట్టు: బల్ల పక్కన

ఇప్పుడు పెద్ద కేంద్రానికి పోవాలి. మందమర్రి నుంచి అయితే సికింద్రాబాద్ రైలెక్కాలి. హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రులు చాలా ఏళ్లుగా ఈ ఆపరేషన్లు చేస్తున్నాయి. 2023లో ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు దాదాపు 240 కిలోల యువకుడికి ఈ సర్జరీ చేశారు. సర్కారు దవాఖానలోనూ ఇది సాధ్యమేనని అది చూపించింది.

అక్కడ వరస ఇది: మొదట కెమెరా పట్టడం, తర్వాత సాయం చేయడం, ఆ తర్వాత ఆపరేషన్‌లో ఒక్కో ముక్క. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీనే తీసుకుందాం. జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా చేస్తారు. శిష్యుడు మొదట పక్కనున్న కొవ్వు పొరను విడదీస్తాడు. మత్తు డాక్టరు నోటి గుండా సుమారు 36 ఫ్రెంచ్, అంటే 12 మిల్లీమీటర్ల మందమున్న గొట్టాన్ని లోపలికి దించుతారు. కొత్త జీర్ణాశయానికి అదే కొలబద్ద. జీర్ణాశయం కింది ద్వారానికి నాలుగైదు సెంటీమీటర్ల ఎడంలో మొదటి స్టేప్లర్ పడుతుంది. దవడ బిగించగానే పేల్చరు. గురువు గొంతు వినిపిస్తుంది: "ఆగు." పదిహేను సెకన్లు. ఆ లోపల కణజాలంలోని నీరు పక్కకు జరిగి గోడ సమంగా అణుగుతుంది. అప్పుడు పేలుస్తారు. మధ్యలో మలుపు దగ్గర గొట్టానికి మరీ దగ్గరగా పోతే దారి ఇరుకై మనిషి తిన్నది దిగదు. పైన అన్నవాహిక మొదలు దగ్గర చివరి స్టేప్లర్. అక్కడ సెంటీమీటరు దూరం వదలాలి. కుట్టు కారితే ఎక్కువగా కారేది అక్కడే. ఆ చివరి పేల్పును గురువు అన్నిటికంటే ఆఖర్న శిష్యుడి చేతికిస్తాడు.

ఆరో మెట్టు: చేతిని పరుల కళ్లకు చూపడం

చాలామంది దాటవేసే మెట్టు ఇదే. నా లెక్కలో అన్నిటికంటే విలువైనదీ ఇదే. 2013లో జాన్ బిర్క్‌మేయర్ బృందం అమెరికాలోని మిషిగన్‌లో 20 మంది బేరియాట్రిక్ సర్జన్ల దగ్గర బరువు తగ్గించే ఇంకో రకం ఆపరేషన్ అయిన గ్యాస్ట్రిక్ బైపాస్ వీడియో తలొకటి తీసుకుంది. పేర్లు తీసేసి తోటి సర్జన్లతో మార్కులు వేయించింది. ఆ మార్కులను వాళ్ల రోగుల ఫలితాల పక్కన పెట్టి చూసింది. అడుగు వరసలో ఉన్న సర్జన్ల రోగుల్లో 14.5 శాతానికి ఇబ్బందులు వచ్చాయి. పై వరస వాళ్ల రోగుల్లో 5.2 శాతానికే. మరణాలు అదే వరసలో 0.26 శాతం, 0.05 శాతం. వాళ్లందరూ అర్హతలున్నవాళ్లే. పట్టాలో కనిపించని తేడా వీడియోలో కనిపించింది.

కాబట్టి నేర్చుకునే సర్జన్ తన ఆపరేషన్లను రికార్డు చేయాలి. నెలకొకటైనా తెలిసిన పెద్దకు పంపి, "ఎక్కడ తప్పు పోయిన?" అని అడగాలి. దీనికి ఖర్చు లేదు. కొంచెం అభిమానం చంపుకోవాలి, అంతే.

ఏడో మెట్టు: సొంత ఊళ్లో మొదటి పది

తిరిగొచ్చాక మొదటి ఆపరేషన్లు ఒంటరిగా చేయకూడదు. అనుభవమున్న సర్జన్ వచ్చి పక్కన నిలబడాలి. రోగులను ఎంచుకోవాలి: మరీ ఎక్కువ బరువు లేనివాళ్లు, ఇదివరకు పొట్ట కోయించుకోనివాళ్లు. కాలేయంలో కొవ్వు తగ్గి లోపల చోటు దొరికేలా వాళ్లకు రెండు వారాల ముందునుంచే తక్కువ కేలరీల తిండి పెట్టాలి. బల్ల ఎంత బరువు మోస్తుందో చూసుకోవాలి. మత్తు డాక్టరు, నర్సు, ఆహార నిపుణురాలు కూడా అదే శిక్షణలో కూర్చుని ఉండాలి.

రాత్రి డ్యూటీ నర్సుకు ఒక్కటి బాగా నేర్పాలి: ఆపరేషన్ అయిన మనిషి నాడి నిమిషానికి 120 దాటి తగ్గకపోతే, జ్వరం లేకపోయినా, నొప్పి లేదన్నా, కుట్టు కారుతున్నదనే అనుకోవాలి. తెల్లారేదాకా ఆగకుండా సర్జన్‌ను లేపాలి. లావుపాటి పొట్ట పైకి మెత్తగానే ఉంటుంది. లోపలి సంగతి ముందుగా చెప్పేది నాడే. డొల్ల చప్పుడు విన్నవాడు ఆ కప్పు కిందికి మనిషిని పోనివ్వడు కదా, ఇదీ అంతే.

ఎనిమిదో మెట్టు: రిజిస్టర్

2003లో ఫిలిప్ షాయర్ బృందం తమ అనుభవాన్ని లెక్కగట్టి, లాప్రోస్కోపిక్ గ్యాస్ట్రిక్ బైపాస్‌లో చేయి కుదరడానికి 100 ఆపరేషన్లు పట్టిందని రాసింది. నూరు కేసుల పాటు చేయి నేర్చుకుంటూనే ఉంటుందంటే, ఆ నూరింటినీ రాసిపెట్టుకోవడం సర్జన్ బాధ్యత. ఒక్కో మనిషికి ఒక్కో వరస: బరువు, షుగరు, ఆపరేషన్‌కు పట్టిన సమయం, వచ్చిన ఇబ్బంది. తర్వాత నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపై ఏటేటా బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు. వాంతులు ఆగని మనిషికి బీ1 ఇవ్వడం మరిస్తే మెదడు దెబ్బతింటుంది. రానివాళ్లకు ఫోన్ చేయాలి. రోగి కనిపించకుండా పోతే ఫలితం బాగున్నట్టు కాదు.

తొమ్మిదో మెట్టు: మళ్లీ మొదటికి

2025లో టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు బరువు తగ్గించే మందులుగా మన బజారుకు వచ్చాయి. ఎవరికి సూది చాలు, ఎవరికి ఆపరేషన్ కావాలి, ఎవరికి రెండూ అన్న ప్రశ్నకు ఐదేళ్ల కిందటి జవాబు ఇప్పుడు పనికిరాదు. ఆ 30 గంటలను ఇట్లాంటి వాటికి ఖర్చుపెట్టాలి: కొత్త మార్గదర్శకాలకు కొన్ని, తోటివాళ్ల వీడియోలకు కొన్ని, తన రిజిస్టర్‌ను నలుగురి ముందు తెరిచి చదవడానికి కొన్ని.

చదివేవారిలో రేపు ఆపరేషన్ బల్ల ఎక్కబోయేవారూ ఉండొచ్చు. వారు డాక్టరును మూడు మాటలు అడగాలి: ఇట్లాంటివి ఎన్ని చేసిండ్రు? మీ చేతిపని ఎవరు చూసిండ్రు? ఆపరేషనైనంక నన్ను ఎన్నేండ్లు చూస్తరు? మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. రిజిస్టర్ తీసి బల్ల మీద పెడతాడు. మన బాయిల్లో ముప్పై ఏళ్ల సర్వీసున్న మైనింగ్ సర్దార్ కూడా షిఫ్టు మొదట్లో కడ్డీ తీసుకుని కప్పు కొట్టి వింటాడు. అనుభవం లేక కాదు. నిన్న ఖంగుమన్న కప్పు ఇవాళ ఎట్లా పలుకుతుందో కొడితేనే తెలుస్తుంది.